లెన్సులోకి చూడకూడదు

లైట్లు ఆరీ ఆరకముందే శ్యామలాదేవి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఏసీ గాలిలో కలిపి వదులుతున్న దొంగ మల్లెపూల సెంటు, దాని కింద పాప్‌కార్న్ వెన్న మాడు, వెనక వరసలో ఎవరి పట్టుచీర మడతల్లోంచో కలరా ఉండల వాసన, అన్నీ కలిసి ముక్కులో తిష్ఠ వేశాయి. ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ థియేటర్లు ఎన్ని కొత్తవి కట్టినా ఈ కుర్చీలు మాత్రం ఇంతే, కూర్చుంటే లోపలికి లాగేసుకుంటాయి, డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాలి, అలా అందించి లేపడానికే, లేపి స్టేజి మీదికి నడిపించుకుపోవడానికే ఎడమ పక్కన ఆ నల్లచొక్కా పిల్ల కూర్చుంది. ఈవెంటు వాళ్ళ పిల్ల. కూర్చున్నప్పటినుంచీ ఎడమ చెవిలో ఏదో చెబుతూనే ఉంది. ఆ చెవికి వినపడదని దానికి ఎవరూ చెప్పలేదు, శ్యామలాదేవీ చెప్పలేదు, ఊరికే తలూపుతోంది. చెప్పాల్సిందంతా కారులోనే చెప్పేసింది కదా. ‘ఇంటర్వల్‌లో స్టేజి మీదికి రావాలి మేడమ్. శాలువా, మెమెంటో, తర్వాత హీరోగారి మనవడు మల్లికార్జున్ సార్ జస్ట్ అలా చెయ్యెత్తుతారు, తగలదు మేడమ్, అస్సలు తగలదు. మీరు ఆ లుక్ ఒకటి ఇచ్చేస్తే చాలు.’ ఇచ్చేస్తే చాలట, గుమ్మంలో నిలబడి పాలపాకెట్టు అందించినంత తేలిగ్గా. అప్పుడు ఔననలేదు, కాదనీ అనలేదు. చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడితే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటర్వల్ లోపు తేల్చుకోవాలి, వెళ్ళి చెంప చూపించడమా, మానడమా.

‘అమ్మా, నీ పేరొస్తది సూడు’ అని కొమురమ్మ మోచేత్తో పొడిచింది. కొమురమ్మ కుడి పక్కన. కొత్త చీర కట్టుకుని వచ్చింది, కాళ్ళు రెండూ కుర్చీ మీదికి మడుచుకోబోయి, చుట్టూ చూసి, మళ్ళీ దించుకుంది. శ్యామలాదేవి మోతీనగర్ ఇంట్లో వంటకని వచ్చిన మనిషి, వాళ్ళాయన పోయాక అక్కడే ఉండిపోయింది, ఇప్పుడెవరు ఎవరికి వండి పెడుతున్నారో ఇద్దరికీ పట్టింపు లేదు. వీధిలో నడిచినా, ఆటో ఎక్కినా, చర్చికి తోడొచ్చినా కుడి పక్కనే. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ చెవి పోయిందని శ్యామలాదేవి ఎప్పుడో ఒక మాట అంటే నమ్మేసి ఆ పక్కకి మారిపోయింది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సీరియల్ షూటింగులున్న రోజుల్లో క్యారేజీ పట్టుకుని తోడొచ్చేది, ఫ్లోరు బయట కూర్చుని, లోపల ‘కట్’ అని వినపడితేనే మూత తీసేది. ఆవిడకి తెలిసిన సినిమా విద్య అంతే. తెర మీద పేర్లు వస్తున్నాయి, అద్దరి ఇల్లు అని పెద్ద అక్షరాలు, హీరో దివాకరరావు పేరు పడగానే ఈలలు, పోయి పాతికేళ్ళయిన మనిషికి ఈలలు, అట్టడుగున కుమారి శ్యామలాదేవి, తొలి పరిచయం. అసలు పేరు తెరెసా. తెనాలి అవతల చర్చి పక్క వీధిలో, క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం వేసే తెరెసా. ‘ఈ పేరుతో చెల్లెలి వేషం వేస్తే మనవాళ్ళు ఏడవరమ్మా’ అన్నాడు ప్రొడ్యూసరు, కాఫీ తాగుతూ. గ్లాసు కింద పెట్టేలోపు శ్యామలాదేవిని చేసేశాడు.

బొమ్మ మొదలైంది. ప్రింటు శుభ్రం చేయించారట, బాంబే పంపించారట, దానికో చిన్న వీడియో తీసి ముందే వేశారు, గీతల బొమ్మ ఇటు, కడిగిన బొమ్మ అటు, జనం చప్పట్లు. కడగడమంటే మరీ ఇంతా. తెల్లవి సున్నం కొట్టినంత తెల్లగా ఉన్నాయి, నల్లవి గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టున్నాయి, దివాకరరావు మెడ మీద మేకప్పు ఎక్కడ ఆగిపోయిందో కూడా కనపడుతోంది. ఆయన విగ్గు అంచు కనపడుతోంది. వెనక వరసలో గోపాలకృష్ణ గారు వాళ్ళావిడకి వివరిస్తున్నారు. ఆయన పాత సినిమాల మీద వ్యాసాలు రాస్తాడు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు, వచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుని వదల్లేదు, ‘అమ్మా, మీ చూపు మీద నేను మూడు వ్యాసాలు రాశాను’ అన్నాడు, చూపు తన కంట్లోంచి తీసి ఆయన సంచిలో వేసుకున్నట్టు. ఇప్పుడు ‘చూడు, ఫ్రేమింగ్ చూడు, ఆ రోజుల్లో మనుషులకి నిజాయితీ ఉండేది’ అంటున్నాడు. ఆ రోజుల్లో. ఈ మాట విన్నప్పుడల్లా శ్యామలాదేవికి ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. ఆ రోజుల్లో విలువలుండేవి, ఆ రోజుల్లో భాష ఉండేది, ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఆడవాళ్ళలా ఉండేవాళ్ళు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి లొకేషన్లో దొడ్డికి వెళ్ళడానికి చోటుండేది కాదు నాయనా, పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా పెదాలు ఎండగట్టుకుని కూర్చునేవాళ్ళం, ఆ ఎండిన పెదాలనే నువ్వు విషాదం అని రాశావు. వెనక్కి తిరిగి ఆ మాట అనేస్తే బాగుండును. ఈలోపు పక్కన పిల్ల సమోసా ఇస్తే వద్దంది.

అయినా ఆయన్నని ఏం లాభం, తనేం తక్కువా. మధ్యాహ్నం పూట టీవీలో పాత సినిమాల ఛానెల్ ఉంటుంది, అందులో ఏ మూడు నెలలకో ఒకసారి ఇది వేస్తాడు, అది ఎలా తెలుస్తుందో కొమురమ్మకి తెలిసిపోతుంది, పొయ్యి మీద కూర ఉన్నా సరే స్టవ్ కట్టేసి వచ్చి కింద కూర్చుంటుంది. ‘అమ్మా, మన సిన్మ.’ మన సినిమా. జనగామ దగ్గర వాళ్ళ ఊళ్ళో డేరా కట్టి ఆడిస్తే, నేల టికెట్టుకి పోయి చూసిందట, చిన్నపిల్లప్పుడు, వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని. ఇప్పటికీ అక్కడే ఏడుస్తుంది, అక్కడే నవ్వుతుంది, రాబోయే మాట ముందే అనేసి మళ్ళీ నోటి మీద చెయ్యి పెట్టుకుంటుంది. శ్యామలాదేవి కుర్చీలో కూర్చుని, చదివేసిన పేపరే మళ్ళీ తిప్పుతూ, చూడనట్టు చూస్తుంది. కట్టెయ్యమనదు. ఎన్నిసార్లనుకుంది, ఈసారి కట్టేయమని చెప్పాలి, లేచి లోపలికి పోవాలి, తల నొప్పంటే సరిపోతుంది. లేవదు. తన పాత్ర ఇంటర్వల్‌కే నదిలో పడి చచ్చిపోతుంది, తర్వాత తనకా సినిమాలో పనేం లేదు, అప్పుడైనా లేవొచ్చు, అప్పుడూ లేవదు, ఎందుకంటే సెకండ్ హాఫ్‌లో దివాకరరావు ఏటిగట్టున కూర్చుని చెల్లెలి కోసం ఏడుస్తాడు. ఆ మహానుభావుడికి ఆ ఏడుపు ఎక్కణ్ణించి వచ్చిందో గానీ, గ్లిజరిన్ ఏడుపు కాదు అది, కింది పెదవి ముందు వణుకుతుంది, తర్వాత ముక్కు, తర్వాత చూపు ఏటి అవతలికి పోయి ఆగిపోతుంది, వెనక పాట. అక్కడికి వచ్చేసరికి కొమురమ్మ కొంగు కళ్ళకద్దుకుంటుంది, పేపరు చాటున తనకీ కళ్ళు నిండిపోతాయి. తనని కొట్టినవాడు తన కోసం ఏడుస్తుంటే తనకే ఏడుపు రావడం, ఇంతకంటే రోత ఇంకేముంది. ఎడమ చెవిలో ఏ శబ్దమూ ఉండదు, కుడి చెవిలో ఆ పాట.

తెర మీద గుట్టలు వచ్చాయి. గోపాలకృష్ణ గారు వెంటనే ‘ఇదిగో, ఇదంతా మన జూబ్లీహిల్సే’ అని వాళ్ళావిడకి చెప్పాడు, ఆవిడ అబ్బా అంది. ఈ కొండే. ఎక్కడో ఇక్కడే, ఈ థియేటరుకి అటో ఇటో, అప్పుడు రాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేవు, మేకలు తోలుకొచ్చేవాళ్ళు షూటింగు చూస్తూ నిలబడేవాళ్ళు. రాళ్ళ మధ్య ఇంటి ముందు భాగం ఒక్కటి వేశారు సెట్టు, గుమ్మం, అరుగు, రెండు స్తంభాలు, తలుపు తీస్తే వెనక బండరాయి. ఆ గుమ్మంలోనే అన్న చెల్లెల్ని కొట్టే సీను. ముడి ఫిల్ము దొరకని రోజులవి, కోటాలో ఇంత అని వచ్చేది, అది అయిపోతే షూటింగు మూత. డైరెక్టరు పరబ్రహ్మం గారు ఫిల్ము డబ్బాలు తన కుర్చీ కింద పెట్టుకుని కూర్చునేవాడు. ‘ఒక్కటే టేకమ్మా, రెండోదానికి ఫిల్ము లేదు, తప్పులన్నీ రిహార్సల్లోనే చేసేసుకో’ అన్నాడు, మంచిగానే అన్నాడు. దివాకరరావు శాలువా సర్దుకుంటూ, ‘కొట్టినట్టు చెయ్యడం నాకు చేతకాదయ్యా పరబ్రహ్మం, చేతికి తగిలితేనే నా మొహంలోకి వస్తుంది’ అన్నాడు. అందరూ నవ్వారు, పెద్దాయన కదా, ఆయన పద్ధతి అది. అందుకని రిహార్సల్లో కొట్టారు. కెమెరా తిరగదు, చెయ్యి మాత్రం తిరుగుతుంది. నీడ పడిందని మళ్ళీ, అడుగు ఎక్కువ వేసిందని మళ్ళీ, తల వంచడం ఆలస్యమైందని మళ్ళీ, మేఘం పోయేదాకా ఖాళీగా ఉండటమెందుకని మళ్ళీ. ఫిల్ము ఖరీదు కాబట్టి ఫిల్ముని దాచారు, చెంపని దాచాలని ఆ కొండ మీద ఒక్కడికీ తట్టలేదు. మధ్యలో దివాకరరావు తన ఫ్లాస్కులోంచి కాఫీ పోయించి పంపాడు, ‘ఏమ్మా, నొప్పిగా ఉందా’ అని అడిగాడు కూడా, ఆ అడగడంలో నిజంగానే జాలి ఉంది, దొంగ జాలి కాదు. ‘లేదండీ’ అంది తెరెసా. లేదండీ! యాభై ఏళ్ళు దాటినా ఆ ‘లేదండీ’ గుర్తొస్తే ఆయన చెయ్యి మీద కంటే తన నోటి మీదే ఎక్కువ అసహ్యం వేస్తుంది. లైటు పోతోందని కెమెరామన్ అరిచాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి మొట్టమొదట నేర్పేది ఒకటే, ఏం చేసినా చెయ్యి, లెన్సులోకి చూడకు. లెన్సులోకి చూస్తే షాటు చచ్చినట్టే. అది పొద్దున పరబ్రహ్మం గారు చెప్పారు, మధ్యాహ్నం అసిస్టెంట్లు చెప్పారు, కెమెరా తిరిగే ముందు మళ్ళీ అందరూ చెప్పారు. కెమెరా తిరిగింది. ఆ దెబ్బ మిగతా దెబ్బల్లాగా తగల్లేదు. ఏదో లోపల తెగింది, నొప్పి కూడా తర్వాతే, ముందు ఒక ఈల, సన్నటి ఈల, దాంతోపాటు కొండా గాలీ మనుషులూ అందరూ ఒక పక్కకి ఒరిగిపోయారు. తర్వాత తను వాలి గుమ్మం పట్టుకుని ఏడవాలి, డైలాగు చెప్పాలి. ఏమీ గుర్తు రాలేదు. కట్ చెప్పారా, చెప్పి ఉంటారు, చెబితే ఎటునుంచి చెప్పారు, ఏ శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు, తల తిప్పి మనిషి కోసం వెతికింది, ఎవరో ఒకరు, పరబ్రహ్మం గారైనా, లైటు పట్టుకున్నవాడైనా, ఒక్క మొహం. నల్లటి గాజు ఒకటి కనపడింది. అందులోకి చూసింది, చూస్తూనే ఉంది, ఎవరైనా చెబుతారని.

‘సర్లే, ఉంచుదాం, ఎవడు చూస్తాడు’ అన్నాడు పరబ్రహ్మం గారు. రెండోసారి తియ్యడానికి ఫిల్ము లేదు, లైటూ లేదు. ఆ మాట కుడి చెవితో విన్నది, అందుకే అంత బాగా గుర్తు. చెవిలో వెచ్చని వెల్లుల్లి నూనె పోశారు, అది మెడ మీదుగా కారి జాకెట్టు తడిసింది, నూనెతోపాటు ఎర్రగా ఇంకేదో వచ్చింది. పొద్దుటికి తగ్గిపోతుందన్నారు. పొద్దుటికి పాట షూటింగు. మెడ్రాసు వెళ్ళి డబ్బింగు చెప్పేటప్పుడు ఎఫెక్ట్స్ ఆయన ఒక తడి చెప్పు తీసుకుని బల్ల మీద చటుక్కున కొట్టాడు, అదీ ఆ దెబ్బ. ఇంతమంది ఇన్నేళ్ళుగా విని ఉలిక్కిపడుతున్న దెబ్బ చెప్పు చప్పుడు, అసలు దెబ్బ ఎలా వినపడిందో తను తప్ప ఎవరూ వినలేదు, తనూ సగమే విన్నది. సినిమా వచ్చింది. పేపర్లవాళ్ళు రాశారు, లోకాన్ని నిలదీసిన చూపు, ప్రేక్షకుణ్ణే బోనులో నిలబెట్టిన చూపు, దర్శకుడి సాహసం. పరబ్రహ్మం గారు మొదట బిత్తరపోయాడు, తర్వాత సిగ్గుపడ్డాడు, కొన్నాళ్ళకి ‘ఆ చూపు ఎందుకు పెట్టానంటే’ అని సభల్లో చెప్పడం మొదలుపెట్టాడు, చివరికి నమ్మేశాడు కూడా. వరసగా వేషాలొచ్చాయి, ప్రతివాడూ అదే అడిగాడు, ‘ఆ చూపు ఒకటి పెట్టమ్మా.’ అద్దం ముందు నిలబడి ఎంత ప్రయత్నించినా రాలేదు. కళ్ళు పెద్దవి చేస్తే దయ్యంలా ఉంది, చిన్నవి చేస్తే నిద్రమత్తులా ఉంది. ఒకరోజు విసుగు పుట్టి ఆ అద్దం ముందే తన చెంప తనే వాయించుకుంది, అయినా రాలేదు, చెంప ఎర్రబడింది అంతే. ‘ఆ పిల్లకి అదొక్కటే వచ్చు, అదీ పరబ్రహ్మం పెట్టించిందే’ అన్నారు. తర్వాత వదినలు, అత్తలు, సీరియల్లో దీపం పెట్టే బామ్మలు. చెప్పొచ్చు కదా ఎవరికైనా, చెవి పోయిందని, అది నటన కాదని. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆ చూపు పోతుంది. జీవితంలో తను చేసిన ఒకే ఒక్క గొప్ప పని తను చెయ్యలేదని తేలిపోతుంది. అందుకని జ్వరం వచ్చిందని చెప్పుకుంటూ వచ్చింది, కొమురమ్మకి కూడా.

హాల్లో ఒక్కసారిగా ఫోన్లన్నీ లేచాయి. సీను వచ్చేస్తోందని అందరికీ తెలుసు. చీకట్లో ఎన్ని చిన్న తెరలో, ప్రతి దాంట్లో అదే గుమ్మం, అదే పందొమ్మిదేళ్ళ పిల్ల. ఫోన్లలో ఇదొక ఆటట ఇప్పుడు, నల్లచొక్కా పిల్లే కారులో చూపించింది. కాలేజీ పిల్లలు ఒకడు కొట్టినట్టు, ఒకతె చూసినట్టు, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు కూడా చేస్తున్నారు తలంబ్రాలతో, కుక్కపిల్లతో ఒకడు చేశాడు. రోత. రోతలన్నిటికీ అమ్మలాంటి రోత. చెప్పు చప్పుడు ఈసారి కొత్త స్పీకర్లలోంచి వచ్చింది, కుర్చీ కిందినుంచి వచ్చింది, కొమురమ్మ ‘అయ్యో’ అని చెయ్యి పట్టుకుంది. తెర మీది పిల్ల తల అటు పోయింది, వెనక్కి వచ్చింది, వెతికింది, చూసింది. ఇంత దగ్గరగా, ఇంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదు. కడగడం వల్ల ఒకటి కొత్తగా కనపడింది, ఎడమ చెవి కమ్మ కింద సన్నటి గీత, నల్లగా, కిందికి దిగుతూ. యాభై ఏళ్ళు మసకలో ఉండిపోయింది. పక్కన ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు, అందరూ కళ్ళే చూస్తున్నారు. శ్యామలాదేవికి ఆ పిల్ల మీద ఎప్పుడూ జాలేసేది కాదు, సిగ్గేసేది, ఇప్పుడు జాలేసింది, ఆ పిల్ల ఇంకా అడుగుతూనే ఉంది, ఇంతమందిని, ఇంత దగ్గరగా, ఒక్కరూ చెప్పడం లేదు. వెనక గోపాలకృష్ణ గారు వాళ్ళావిడ వైపు వంగి, ‘చూశావా, భారతీయ స్త్రీ’ అన్నాడు. ఏరు, పడవ, తెల్లచీర నీళ్ళ మీద, విశ్రాంతి.

లైట్లు వేశారు. నల్లచొక్కా పిల్ల చెయ్యందించింది, శ్యామలాదేవి లేచింది. తేల్చుకోనే లేదు, కాళ్ళు మాత్రం నడుస్తున్నాయి, లేదండీ అన్న నోరు ఎలా అన్నదో ఈ కాళ్ళూ అలాగే నడుస్తున్నాయి. శాలువా కప్పారు, గుచ్చుకుంది. దివాకరరావు మనవడు మల్లికార్జున్ వచ్చి కాళ్ళకి దండం పెట్టాడు, తాత ముక్కే, తాత చేతులే, పొడుగ్గా, అందంగా. మైకు తీసుకుని, ‘తాతగారి చెయ్యి పడిన చెంప ఇది. దీని పక్కన నిలబడటమే నాకు బ్లెస్సింగ్’ అన్నాడు, చప్పట్లు. యాంకరు పిల్ల గెంతుతూ వచ్చి, ‘మరి ఆ మూమెంట్ మళ్ళీ చూద్దామా వద్దా? వినపడలేదు, గట్టిగా!’ అని అరిచింది. శ్యామలాదేవి మైకు అడిగింది. ఇచ్చారు.

‘బాబూ, అది నటన కాదు’ అంది. ‘మీ తాతగారు నిజంగానే కొట్టారు, ఫిల్ము దండగవుతుందని పొద్దున్నించీ రిహార్సల్లోనే కొట్టారు. ఆఖరి దెబ్బకి ఈ చెవి పోయింది. కట్ చెప్పారో లేదో వినపడక, ఎవరైనా చెబుతారేమోనని వెతుక్కున్నాను. మీరందరూ చూసేది అదే.’

మల్లికార్జున్ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, అయిపోయింది అనుకుంది శ్యామలాదేవి, సినిమా అయిపోయింది, ఇక ఎవరూ చూడరు. యాంకరు పిల్ల గుండెల మీద చెయ్యి వేసుకుంది. ‘ఓ మై గాడ్! పాత్ర కోసం చెవినే ఇచ్చేశారు! దీన్నండీ డెడికేషన్ అంటారు! ఇలాంటి ఆర్టిస్టులు ఇప్పుడున్నారా? లేవండి, అందరూ లేచి నిలబడండి!’ అందరూ లేచారు. కుర్చీలు టపటపమని మూసుకున్నాయి. గోపాలకృష్ణ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, నాలుగో వ్యాసం మొహంలో కనపడుతోంది. మల్లికార్జున్ మళ్ళీ కాళ్ళకి దండం పెట్టి, లేచి, తడి కళ్ళతో, ‘ఇప్పుడిది ఇంకా స్పెషల్ మేడమ్, తాతగారి కోసం, ఒక్కసారి’ అని చెయ్యెత్తాడు. వీళ్ళు మింగలేనిదంటూ లేదు, చెవి ఇస్తే చెవి తింటారు, నిజం ఇస్తే నిజం తింటారు, తిని మూతి తుడుచుకుని చప్పట్లు కొడతారు. ఎదురుగా ఫోన్లు, వందల నల్లటి గాజులు, ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

‘ఆ రోజునుంచీ నాకెవరూ కట్ చెప్పలేదు నాయనా’ అంది, మైకులో కాదు, ఆ చేతితో అన్నట్టుగా, కానీ ఆ మాట మైకులో పడింది. ‘ఒక్కరైనా చెప్పండి.’ ఆహా అన్నారు, ఏం డైలాగు అన్నారు, ఈల వేశారు.

‘కట్!’

ఎటునుంచో తెలియలేదు. తల తిప్పింది, వెతికింది, లైట్లు కళ్ళలో పడ్డాయి, గాజులన్నీ ఒక్కసారి తన మీదికి లేచాయి, హాలంతా ‘అదే! అదే లుక్!’ అని హోరెత్తిపోయింది. యాంకరు గెంతుతోంది. ఆ గోలలోంచి మళ్ళీ, ఈసారి చప్పట్లకంటే గట్టిగా, ‘కట్ అంటున్న గద! ఏందయ్యా, చెయ్యి దించు జర, ముసలామెను గట్ల నిలవెట్టి ఏం సూస్తుండ్రు మీరంతా! కట్! అమ్మా, ఇగ దిగి రా, ఇంటికి పోదాం!’ ముందు వరసలో కుర్చీ ఎక్కి నిలబడి ఉంది కొమురమ్మ, కొత్త చీర కుచ్చెళ్ళు జారిపోయాయి, రెండు చేతులూ ఊపుతోంది, మొహమంతా కన్నీళ్ళు. దొరికింది మొహం. శ్యామలాదేవి మైకు మల్లికార్జున్ ఎత్తిన చేతిలోనే పెట్టి, శాలువా యాంకరు పిల్ల భుజం మీద వేసి, మెట్లు దిగింది. ఎవరూ చెయ్యందించక్కర్లేకపోయింది.

నడవలో కొమురమ్మ ఎడమ పక్కకి వచ్చి పడింది, కంగారులో, మళ్ళీ గుర్తొచ్చి కుడి పక్కకి మారింది. ‘జొరమొచ్చి పోయిందంటివి’ అంది, చెయ్యి గట్టిగా పట్టుకుంది. తలుపు దాకా వచ్చారు. వెనక లైట్లు ఆరాయి, వాళ్ళు ఆపుతారా, టైము ప్రకారం సెకండ్ హాఫ్ వేసేశారు. ఏటిగట్టు వచ్చింది, పాట మొదలైంది. కొమురమ్మ నడక నెమ్మదించింది, చూడకూడదన్నట్టు మొహం గోడకి తిప్పుకుంది, మళ్ళీ కొంచెం ఇటు తిప్పింది. ‘పాడుగాను, మంచిగ ఏడుస్తడమ్మా’ అంది, తప్పు చేసినదానిలా. తెర మీద దివాకరరావు కింది పెదవి వణికింది. ఛీ, అనుకుంది శ్యామలాదేవి, వాడి మీదా, తన మీదా, ఈ హాలు మీదా, చీకట్లో ముక్కులు ఎగపీలుస్తున్న ఇంతమంది మీదా. అనుకుంటూనే తలుపు మీద వేసిన చెయ్యి తీసేసింది. కళ్ళు నిండుతున్నాయి, పేపరు కూడా లేదు అడ్డం పెట్టుకోవడానికి. పాట అయిపోయేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.